ఇంట్లో కూర్చుని పనిచేసే అబ్బాయికి విదేశీ వర్క్ పర్మిట్: ఆరు లక్షలు కట్టొచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం, రొయ్యల సాగు. మా అబ్బాయి 2023లో బీటెక్ సీఎస్‌ఈ పూర్తిచేశాడు. క్యాంపస్‌లో ఉద్యోగం రాలేదు. ఇంట్లోనే కూర్చుని బయటి దేశాల వాళ్లకు వెబ్‌సైట్లు, డిజైన్లు చేసి పంపుతుంటాడు. బంధువులకు ఏం చెప్పాలో తెలియడం లేదు. నెల్లూరులో ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఆరు లక్షలిస్తే సెల్ఫ్ ఎంప్లాయిడ్ వర్క్ పర్మిట్ ఇప్పిస్తామన్నారు. లక్ష అడ్వాన్స్ కట్టాం. అగ్రిమెంట్ ఫొటో పంపుతున్నాను. జర్మనీ మంచిదా, దుబాయా, పోర్చుగలా? లేక అందరిలాగా ఎమ్మెస్‌కే పంపమంటారా?

జవాబు: అయ్యా, దేశాల సంగతి చెబుతాను గానీ, మీ ఉత్తరంలో ఒక అంకె లేదు. పిల్లాడు నెలకు ఎంత సంపాదిస్తున్నాడో మీరు రాయలేదు. ఎకరానికి ఎంత సీడ్ వదిలారో, మేతకు ఎంతయిందో నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనిషి మీరు. కొడుకు లెక్క మాత్రం అడగలేదంటే దాన్ని మీరు సంపాదన కింద జమకట్టలేదన్నమాట. పెళ్లి సంబంధాల వాళ్లకు చెప్పడానికి ఒక కంపెనీ పేరు లేదు, అదీ మీ దిగులు. కావలి నుంచి ఒంగోలు దాకా ఈ దిగులుతో నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులు చాలామందే. దానికి ఆరు లక్షలు పోసి విదేశీ స్టాంపు కొనిస్తే తీరుతుందనుకోవడం మీ పొరపాటు.

మీరు పంపిన అగ్రిమెంట్ చూశాను. దేశం పేరు రాయాల్సిన చోట ఖాళీ గీత ఉంది. దాని కింద ‘100 శాతం గ్యారంటీ’. చివర చిన్న అక్షరాల్లో ‘అడ్వాన్స్ వాపసు ఇవ్వబడదు’. ఏ దేశమో తేలకుండా గ్యారంటీ దేనికి ఇచ్చినట్టు? సంతకం పెట్టేముందు ఈ ఒక్క ముక్క అడగాల్సింది. అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఉంటే వాడే అడిగేవాడు.

ఉద్యోగం మీద వెళ్లేవాడి వెనక అక్కడ ఒక యజమాని ఉంటాడు. సొంత పని మీద వెళ్లేవాడికి పూచీపడేవాళ్లు ఎవరూ ఉండరు. అందుకే ఆ ప్రభుత్వాలు అతని క్లయింట్లనూ, ఖాతాలనూ చూస్తాయి. అవి మీ అబ్బాయి దగ్గర ఉండాలి, ఏ కన్సల్టెన్సీ టేబుల్ మీదా తయారుకావు.

జర్మనీలో దీనికి నివాస చట్టం సెక్షన్ 21 ఉంది. డాక్టర్లు, ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు, జర్నలిస్టులు, అనువాదకుల్లాంటి వాళ్లది స్వతంత్ర వృత్తి దారి. వ్యాపారం పెట్టేవాళ్లది వేరే దారి, దానికి ఆ ప్రాంతానికి ఆ వ్యాపారం అవసరమని కూడా చూపాలి. డిజైన్ పని ఎందులోకి వస్తుందో అక్కడి ట్యాక్స్ ఆఫీసు పని తీరును బట్టి తేలుస్తుంది. పని ఇస్తామని అక్కడి క్లయింట్లు రాసిచ్చిన లేఖలు, బతకడానికి డబ్బు, ఆరోగ్య బీమా చూపించాలి. మొదటి పర్మిట్ గరిష్ఠంగా మూడేళ్లకు ఇస్తారు. వీసా ఫీజు 75 యూరోలు. మిగతా ఆరు లక్షలు దేనికో మీరే ఆలోచించండి.

దుబాయ్ గ్రీన్ వీసా ఐదేళ్లది. ఫ్రీలాన్స్ పర్మిట్ (ఎవరి కిందా ఉద్యోగం లేకుండా సొంతంగా పనిచేసుకునే అనుమతి), డిగ్రీ ఉండాలి, గత రెండేళ్లలో సొంత పని మీద ఏడాదికి 3,60,000 దిర్హమ్‌లు సంపాదించినట్టో, అక్కడ ఉన్నన్నాళ్లూ బతికే స్థోమత ఉన్నట్టో చూపాలి. బయటి దేశాల క్లయింట్లకు లాప్‌టాప్ మీద పనిచేస్తూ అక్కడ ఉండేవాళ్ల కోసం పోర్చుగల్ 2022 అక్టోబరులో తెచ్చిన డిజిటల్ నొమాడ్ వీసాకు నెల ఆదాయం అక్కడి కనీస వేతనానికి నాలుగు రెట్లు ఉండాలి. కెనడా పేరు ఎవరైనా ఎత్తితే చెప్పండి, ఆ దేశపు సెల్ఫ్ ఎంప్లాయిడ్ పథకం కళాకారులకూ క్రీడాకారులకూ మాత్రమే ఉండేది, 2024 ఏప్రిల్ 30 నుంచి దానికీ కొత్త దరఖాస్తులు ఆపేశారు.

ఈ నొమాడ్ మోజు మీద నాకు మొదటినుంచీ అనుమానమే. రీల్స్‌లో సముద్రం ఒడ్డున లాప్‌టాప్, పక్కన కాఫీ కప్పు. సముద్రం కావాలంటే మీకు మైపాడు దగ్గరే ఉంది. వెళ్లినవాడికి పనిలో మారేది ఏమీ ఉండదు: అదే లాప్‌టాప్, అవే క్లయింట్లు, అద్దె మాత్రం యూరోల్లో. ఒక క్లయింటు జారిపోతే ఇందుకూరుపేటలో అన్నానికి లోటుండదు, పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో రెండో నెలకే ఇల్లు ఖాళీ చేయాలి. ఇక్కడ నిలదొక్కుకున్నాక వెళ్లేవాళ్లను నేను ఆపను. నిలదొక్కుకోవడానికే వెళతానంటే మాత్రం వద్దంటాను.

ఎమ్మెస్ పేరుతో పంపితే అక్కడ ఈ పనే చేసుకుంటాడని లెక్క వేసుకోకండి. బ్రిటన్ స్టూడెంట్ వీసా మీద సొంత పని నిషేధం, జర్మనీలో ముందే అనుమతి తీసుకోవాలి. చదువు కావాలనుకుంటే చదువు కోసమే పంపండి.

ఇక మీరు ధైర్యంగా ఉండాల్సిన విషయం. మీ రొయ్యలు అమెరికా వెళితే ఎగుమతి అంటారు కదా, మీవాడు విదేశీ క్లయింటుకు పనిచేసి డాలర్లు తెప్పించుకుంటే చట్టం దాన్నీ ఎగుమతి అనే అంటుంది. ఏడాదికి 20 లక్షలు దాటనంతవరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. ప్రతి పనికీ ఇన్‌వాయిస్ ఇవ్వమనండి, డబ్బు బ్యాంకు ఖాతాకే రప్పించుకుని విదేశీ జమ సర్టిఫికెట్ తీసుకోమనండి, ఏటా ఐటీ రిటర్న్ వేయమనండి. రెండేళ్లు ఇలా నడిస్తే రేపు ఏ దేశపు కాన్సులేట్ అడిగే ఫైలైనా సగం తయారైనట్టే. వెళ్లకపోయినా ఆ రిటర్న్ మీదే బ్యాంకు వాళ్లు ఇంటి లోన్ ఇస్తారు, సంబంధాల వాళ్లకూ అదే చూపించవచ్చు.

మిగతా ఐదు లక్షలు కట్టకండి. కట్టిన లక్ష వాపసు ఇమ్మని రాతపూర్వకంగా అడిగి, ఆ కాగితం అందినట్టు వాళ్ల సంతకం తీసుకోండి. రసీదు, అగ్రిమెంట్ దాచిపెట్టండి. ఇవ్వకపోతే నెల్లూరులోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే ఫిర్యాదు ఇచ్చుకోవచ్చు.