పొన్నంగి పోయింది, పిట్ట మిగిలింది

సందేహం: అడవిలో పురుగులు ఏరుకు తినే ఒక రంగురంగుల చిన్న పక్షిని వార్తల్లో ‘ఇండియన్ పిట్టా’ అని రాస్తున్నారు. ఈ పిట్టా మన తెలుగు పిట్టేనా? మనకు పాలపిట్ట, వడ్రంగిపిట్ట అన్నీ పిట్టలే కదా, దీనికొక్కదానికే ఆ పేరెలా వచ్చింది?

సమాధానం: అచ్చంగా మన పిట్టే. ఈ పక్షి తెలుగు పేరు పొన్నంగి పిట్ట. 1713లో లండన్‌లో అచ్చయిన ఒక పక్షుల గ్రంథంలో, మద్రాసు పక్షుల మధ్య, ఇది ఈ పేరుతోనే కనిపిస్తుంది. 1766లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ దీన్ని కాకుల్లో కలిపేసి ‘పొట్టి తోకది’ అని పేరు పెట్టాడు. 1816లో ఫ్రెంచి శాస్త్రవేత్త వియెయో దీన్ని కాకుల నుంచి విడదీసి, కొత్త ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకి) ‘పిట్ట’ అని పేరుంచాడు. ఇప్పుడు ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా దీని చుట్టాలన్నీ పిట్టలే!

మన సమాసాల్లో ఆనవాలు చెప్పే మాట ముందుంటుంది, జాతిని చెప్పే మాట చివరుంటుంది. ఆ శాస్త్రవేత్తలు ‘పొన్నంగి’ని వదిలేసి ‘పిట్ట’ను పట్టుకెళ్లారు. మామిడిచెట్టును ‘చెట్టు’ అని రాసుకుపోయినట్టు. మనకు పిట్ట అంటే చిన్న పక్షి. గద్దనీ కొంగనీ సాధారణంగా అలా అనం. పిట్టకథలో, పిట్టగోడలో రెక్కలు పోయి ఆ చిన్నతనం ఒక్కటే మిగిలింది.

ఈ పక్షీ జానెడు లోపే. ఆకుపచ్చ వీపు, రెక్క మీద నీలం మచ్చ, కంటి మీదుగా నల్ల పట్టీ, తోక కింద ఎరుపు. ఇన్ని రంగులున్నా ఓ పట్టాన కనబడదు. పొదల నీడన గెంతుతూ, రాలిన ఆకుల్ని ముక్కుతో తిరగేసి, కిందున్న పురుగునో వానపామునో లాగుతుంది. మొండి తోక మాత్రం కిందికీ పైకీ ఆడుతూనే ఉంటుంది. హిమాలయాల దిగువన, మధ్య భారతంలో వానాకాలం గూడు కట్టి, చలికాలానికి దక్షిణాదికీ శ్రీలంకకీ వస్తుంది. దారిలో అలసి పెరళ్లలో వాలిపోవడమూ ఉంది. తెల్లవారుతూ, పొద్దుగూకుతూ ఈల వేస్తుంది కనుక తమిళులు దీన్ని ‘ఆరుమణిక్కురువి’, అంటే ఆరుగంటల పిట్ట, అన్నారు.

ఇక వాడుక సంగతి. ‘పిట్టా’ అని దీర్ఘం తీయడం ఇంగ్లీషు పలుకుబడి. మన మాటను మనమే పరాయి యాసలో రాయనక్కర్లేదు. ‘పిట్టా పక్షి’ అయితే ఒకే మాటను రెండుసార్లు అన్నట్టు. పొన్నంగి పిట్ట అనే రాయండి.