వ్రోట్స్‌వాఫ్ మేత్రాసనం చరిత్ర రాయబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

పోలండ్‌లో మీ వ్రోట్స్‌వాఫ్ మేత్రాసనం, అంటే ఒక బిషప్పు కింద ఉండే కతోలిక చర్చిల ప్రాంతం, దాని చరిత్ర తెలుగులో రాస్తానన్నావు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందన్నావు. ఫోన్‌లో సగం వినబడలేదు. అందుకే ఉత్తరం.

ముందు నా పరువు తీసుకుంటాను. మన విచారణ (చర్చి) సావనీరులో 1930ల నాటి ఒక గురువును (ఫాదరును) నేను ‘గుంటూరు మేత్రాసన గురువు’ అని రాశాను. గుంటూరు మేత్రాసనం పుట్టిందే 1940లో! అంతకుముందు మనం నెల్లూరు కింద, 1928కి ముందు మద్రాసు కింద. పుస్తకం అచ్చయ్యాక చర్చిలో మతబోధ చేసే ఒక ముసలి ఉపదేశి చూసి, “నీ లెక్కన ఫాదరుగారు పుట్టని బిడ్డకు జ్ఞానస్నానం ఇచ్చారన్నమాట” అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

మనకు వందేళ్లలోనే ఇంత తికమక. అక్కడ వెయ్యేళ్ల కథ. కాబట్టి నోటుబుక్కులో రెండు గళ్లు గీసుకో. ఏ సంవత్సరం గురించి రాస్తున్నా, అప్పుడు ఆ నేలను ఏలింది ఎవరో ఒక గడిలో, మేత్రాసనం ఏ అగ్రపీఠం (ఆర్చిబిషప్పు పీఠం) కింద ఉందో రెండో గడిలో వెయ్యి. ఆ రెండూ ఒకేసారి మారవు. ఈ చరిత్రలో రుచంతా అక్కడే ఉంది.

క్రీ.శ. 1000లో జర్మన్ చక్రవర్తి మూడో ఒట్టో పోలండ్‌లోని గ్నియెజ్నోకి వచ్చాడు. పోలండ్ పాలకుడు బొలెస్వాఫ్ కోరుకున్న సొంత అగ్రపీఠం అక్కడ వెలిసింది. దాని కింద క్రాకోవ్, కొవోబ్‌జెగ్, వ్రోట్స్‌వాఫ్. మొదటి బిషప్పు పేరు యాన్. తర్వాత 14వ శతాబ్దంలో వ్రోట్స్‌వాఫ్ ఉన్న సైలీషియా ప్రాంతం చెక్ రాజుల చేతికి పోయింది, 1526లో ఆస్ట్రియాను ఏలే హాబ్స్‌బర్గులకు, 1742లో చాలా భాగం ప్రష్యా అనే జర్మన్ రాజ్యానికి. ఊరి పేరు బ్రెస్లావ్ అయింది. అయినా కాగితం మీద గ్నియెజ్నో పెత్తనం 1821 దాకా అలాగే ఉంది! ఆ ఏడే నేరుగా రోము కిందికి వెళ్లింది. 1930లో తనే అగ్రపీఠమైంది.

1742లో గీసిన సరిహద్దు మేత్రాసనం మధ్యనుంచే పోయింది. షాఫ్‌గాచ్ అనే బిషప్పుకు ప్రష్యా రాజుతో చెడితే, 1766లో ఆస్ట్రియా వైపున్న తన కోటకు వెళ్లిపోయి చివరిదాకా అక్కడే ఉన్నాడు. రాజ్యం దాటాడు, మేత్రాసనం దాటలేదు. ఇప్పుడు ఆ కోట చెక్ దేశంలో ఉంది. 1945 జులైలో బ్రెస్లావ్ ఆర్చిబిషప్పు కార్డినల్ బెర్‌ట్రాం చనిపోయిందీ అక్కడే. సెలవు రోజు చూసి ఒకసారి వెళ్లిరా.

ఆ 1945 దగ్గర మాత్రం తొందరపడకు. యుద్ధం చివర్లో సోవియట్ సేనల ముట్టడిలో కతీడ్రల్ చాలావరకు నేలమట్టమైంది. ఊరు పోలండ్ చేతికి వచ్చింది. జర్మన్లను పంపేశారు. తూర్పున సొంత ఊళ్లు పోగొట్టుకున్న పోలిష్ కుటుంబాలు వచ్చి దిగాయి. పోలండ్ చర్చి పెద్ద కార్డినల్ హ్లోంద్ ఆగస్టులోనే అక్కడికి మిలిక్ అనే పోలిష్ గురువును పాలకుడిగా వేశాడు; 1951లో కమ్యూనిస్టు ప్రభుత్వం ఆయన్ని వెళ్లగొట్టింది. రోము మాత్రం పశ్చిమ జర్మనీ కొత్త సరిహద్దును ఒప్పుకునేదాకా మేత్రాసనాల హద్దులు మార్చలేదు. మార్చింది 1972 జూన్‌లో. ఇరవై ఏడేళ్లు! అన్నాళ్లూ అక్కడ ఉంటున్నవాళ్లకు ఇల్లు మనదా కాదా అన్న బెంగే. పెద్దవాళ్లను అడుగు, కానీ మొదటి రోజే అడగకు. నాలుగు ఆదివారాలు పూజకు వెళ్లి, మొహం తెలిశాక అడుగు.

1965లో పోలిష్ బిషప్పులు జర్మన్ బిషప్పులకు రాసిన ఉత్తరం సంగతి వదిలిపెట్టకు. “క్షమిస్తున్నాం, క్షమించమని అడుగుతున్నాం” అన్నారు అందులో. అది రాసింది వ్రోట్స్‌వాఫ్‌లో ఉన్న బిషప్పు కొమినెకే. యుద్ధం ముగిసి ఇరవై ఏళ్లే, ఊళ్లో గాయాలు పచ్చిగానే ఉన్నాయి. మేమెందుకు క్షమాపణ అడగాలని ప్రభుత్వమే కాదు, మామూలు జనం కూడా మండిపడ్డారు. ఆ కోపాన్నీ రాయి, దాచకు. ఉత్తరాన్ని మెచ్చుకోవడం ఇప్పుడు తేలిక.

మధ్యలో సైలీషియాలోని నీసా సంస్థానాన్ని రాజుల్లా ఏలిన ఇక్కడి రాజబిషప్పుల వైభవం ఉంది. దానికి రెండు పేజీలు చాలు. జాబితాలు కట్టడం నాలాంటివాళ్ల జబ్బు.

దానికి బదులు మేత్రాసన మ్యూజియంలో హెన్రికోవ్ పుస్తకం చూడు. ఒక మఠం భూముల లెక్కలు, అంతా లాటిన్. 1270 ప్రాంతంలో మఠాధిపతి పీటర్ అందులో ఒక ఊరికి పేరెలా వచ్చిందో చెబుతూ ఓ ముచ్చట రాశాడు. బొగుఖ్వాల్ అనే చెక్ మనిషి, తిరగలి దగ్గర అలిసిపోయిన భార్యతో, “ఇలా ఇవ్వు, నేను విసురుతాను, నువ్వు కాస్త కూర్చో” అన్నాడట. రాతలో దొరికిన మొట్టమొదటి పోలిష్ వాక్యమని దీన్నే చెబుతారు. నన్నడిగితే నీ పుస్తకం ఈ తిరగలి దగ్గరే మొదలుపెట్టమంటాను.

పాత జర్మన్ చేతిరాత చదవడం రోజూ అరగంట నేర్చుకో. పాత రిజిస్టర్లు ఎక్కువగా ఆ రాతలోనో లాటిన్‌లోనో ఉంటాయి; అనువాదం యాప్‌లను నమ్ముకుంటే బోర్లాపడతావు.

మొదటి పది పేజీలు అవగానే ఫొటోలు తీసి వాట్సాప్ చెయ్యి. అక్షరాలు కాస్త పెద్దవిగా రాయి, నా కళ్లద్దాలు మార్చి చాలా రోజులైంది.

నీ మావయ్య