గుండె స్కాన్ రిపోర్టు ఆలస్యమైతే

ప్రశ్న: నాన్నకు 64 ఏళ్లు. మెట్లెక్కితే ఆయాసం. శ్రీకాకుళంలో ఎకో (గుండె అల్ట్రాసౌండ్), టీఎంటీ (నడిపిస్తూ తీసే ఈసీజీ) చేసి, విశాఖలో గుండెకు ఎమ్మారై తీయించమన్నారు. వారంలో రిపోర్టు అన్నారు, మూడు వారాలు కావస్తోంది. ఫోన్ చేస్తే ‘ఇంకా రాలేదు’ అంటున్నారు. ఇన్నాళ్లు పట్టిందంటే ఏదో పెద్ద జబ్బేనని నాన్న బెంగపెట్టుకున్నారు. తిండి కూడా సరిగా తినడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, సోంపేట

జవాబు: రిపోర్టు ఆలస్యమైనంత మాత్రాన జబ్బు పెద్దదని కాదు. ఈ మాట ముందు నాన్నగారికి చెప్పండి. ఎకోలో తీస్తున్నప్పుడే కొలతలు రాసేస్తారు, కాగితం ఆ పూటే చేతికొస్తుంది. ఎమ్మారైలో వందల బొమ్మలు వస్తాయి. గుండె గదుల అంచులు గీసి పరిమాణం లెక్కకట్టాలి, మందు ఎక్కించాక తీసిన బొమ్మల్లో కండరం మీద మచ్చ ఉందేమో వెతకాలి. అవి చదవగలిగిన డాక్టర్లు తక్కువమంది. పాత ఎకోతో పోల్చాల్సి వచ్చి, ఆ కాగితం వాళ్ల దగ్గర లేకపోయినా ఫైలు ఆగిపోతుంది. ప్రాణం మీదికొచ్చేది కనిపిస్తే మాత్రం, రిపోర్టు టైపయ్యేదాకా ఆగకుండా స్కాన్ రాసిన డాక్టరుకు ఫోన్ చేయడం పద్ధతి.

అలాగని కబురు రాలేదు కాబట్టి బాగానే ఉందని ఊరుకోకండి. సంతకమైన రిపోర్టు కౌంటర్లోనే పడి ఉండొచ్చు, తప్పు నంబరుకు మెసేజ్ వెళ్లి ఉండొచ్చు. ‘వచ్చిందా’ అని అడిగితే ‘రాలేదు’ అనేసి పెట్టేస్తారు. బిల్లు చేతిలో పెట్టుకుని పేషెంట్ నంబరు, స్కాన్ తేదీ చెప్పి ఇలా అడగండి: బొమ్మలు డాక్టరు చూశారా? సంతకమైందా? అయితే ఎవరికి పంపారు? కాకపోతే ఏ రోజుకిస్తారు? చెప్పినవాళ్ల పేరు, టైము రాసుకోండి. పాత ఎకో రిపోర్టు ఫొటో వాట్సాప్‌లో పంపుతామనండి. ఆ రోజుకీ రాకపోతే శ్రీకాకుళం డాక్టరుగారినే ఫోన్ చేయమని కోరండి. మీరు రైలెక్కి వెళ్లి కౌంటర్ దగ్గర కూర్చోవడం కన్నా ఆ ఒక్క ఫోనుకే పని తొందరగా అవుతుంది.

ఈలోగా మందులు చూడండి. టీఎంటీకి ముందు గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్‌లాంటి మాత్ర ఒకటి రెండు రోజులు ఆపమంటారు. పరీక్ష అయ్యాక మళ్లీ మొదలుపెట్టడం చాలామంది మరిచిపోతారు. అది ఉన్నట్టుండి ఆగితే గుండె వేగం పెరిగి ఛాతీనొప్పి రావచ్చు. అలా ఆగి ఉంటే ఇవాళే డాక్టరును అడగండి. ఒళ్లునొప్పులకని దుకాణంలో కొనే డైక్లోఫెనాక్ వద్దు. ఉద్దానంలో మూత్రపిండాల భయం ఎలాగూ ఉంది, ఆ మాత్ర గుండెకూ చేటే.

బీపీ గంటగంటకీ చూస్తే కంగారుకే పెరుగుతుంది. ఉదయం, సాయంత్రం చాలు: అయిదు నిమిషాలు కూర్చున్నాక నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రాయండి. రోజూ పొద్దున్నే, మూత్రానికి వెళ్లొచ్చాక, బరువు చూడండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, పాదాలు వాచినా నీరు పడుతున్నట్టు, డాక్టరుకు చెప్పాలి. ఉప్పు అన్నీ కలిపి రోజుకు ఒక టీస్పూను దాటకూడదు. ఎండుచేపలు, ఆవకాయ ఉన్న పూట ఆ లెక్క తప్పుతుంది. బలవంతంగా కంచం నిండా పెట్టకండి, కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు పెట్టండి. పలకరించడానికి ఫోన్ చేసే చుట్టాలతో మీరే మాట్లాడండి. ఆయన అదే కథ పదిమందికి చెప్పుకోవాల్సి రావడం మంచిది కాదు.

ఛాతీలో బరువు పావుగంటైనా తగ్గకపోయినా, చెమటలు పట్టినా, పడుకుంటే ఊపిరాడకపోయినా, స్పృహ తప్పినా రిపోర్టు సంగతి పక్కనపెట్టి 108కి ఫోన్ చేయండి. నేరుగా విశాఖకు కారు కట్టించుకోవద్దు. దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో ముందు ఈసీజీ తీయించండి. గడ్డ కరిగించే ఇంజక్షన్ అవసరమైతే, తొలి గంటల్లో ఇస్తేనే బాగా పనిచేస్తుంది.

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. ఎకోలో ‘గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్, ట్రివియల్ ఎమ్మార్, ఈఎఫ్ 60’ అని ఉంది. డాక్టరు పది రోజులకు గానీ దొరకరు. నిద్ర పట్టడం లేదు.
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: ఈఎఫ్ అంటే ఒక్కో కొట్టుకు ఎడమ జఠరిక (గుండె ఎడమవైపు కింది గది) తనలోంచి బయటికి పంపే రక్తం శాతం. 55 నుంచి 70 మామూలే, మీది సరిగ్గా ఉంది. డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్ అంటే గుండె కండరం వదులయ్యే తీరులో కొద్ది మార్పు. వయసుతో, బీపీతో చాలామందిలో కనిపిస్తుంది. ట్రివియల్ ఎమ్మార్ అంటే కవాటం దగ్గర లెక్కలోకి రానంత లీకు. ఆయాసం, ఛాతీనొప్పి లేకపోతే పది రోజులు ఆగొచ్చు. ‘ఆర్‌డబ్ల్యూఎంఏ’ (గుండె గోడలో కొంత భాగం సరిగా కదలడం లేదని) అనో, ఈఎఫ్ 40 కంటే తక్కువనో రాసి ఉంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా మర్నాడే ఎవరైనా ఫిజీషియన్‌కు చూపించాలి.