పీత పిల్లలు పట్టేవారిని ఆపించాలా?

మీ ఊరి ఉప్పుటేటిలో దోమతెర వలలతో పీత పిల్లలను, రొయ్య పిల్లలను పడుతున్నారని, పంచాయతీ చేత నిషేధం పెట్టిస్తే ఏరు బాగుపడుతుందా అని అడిగారు. నేను చూసింది చెబుతాను.

1990ల మొదట్లో కృష్ణపట్నం దగ్గర, కండలేరు సముద్రంలో కలిసే చోట మా మేనమామ టైగర్ రొయ్య సీడు, అంటే చెరువుల్లో వేసి పెంచే పిల్లలు, కొనేవాడు. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు ఎక్కువ. ఆ రోజుల్లో యానాది కుటుంబాలు నడుం లోతు నీళ్లలో వల ఈడ్చేవి. పట్టినదాన్ని తెల్ల పళ్లెంలో పోసి, వెంట్రుక ముక్కల్లా కనిపించే టైగర్ పిల్లలను ఆల్చిప్పతో ఏరేవారు. పిల్లకు ఇంతని లెక్క. మిగతా రొయ్యల, చేపల, పీతల పిల్లలన్నీ గట్టు మీద ఇసుకలోకే. ఏరినదానికి ఎన్నో రెట్లు పారబోసేవారు. సెలవులకు వెళ్లిన నాకు ఆ కుళ్లు వాసన ఇంకా గుర్తుంది.

మిగిలినవాటిని తిరిగి ఏటిలో పోయమని మామ కేకలేశాడు, ఎవరూ వినలేదు. ఒక పెద్దామె మాత్రం, "నేను నీళ్ల దాకా పోయి వచ్చేలోపు పక్కామె ఇంకో పళ్లెం ఏరేస్తుంది నాయనా" అంది. దాంతో మామ, వాళ్లు కూర్చుని ఏరే తాటాకు పందిరిని గట్టు మీది నుంచి నీటి అంచుకు జరిపించాడు. పళ్లెం కూర్చున్న చోటే వంచితే ఏటిలోకి పోతుంది. అన్నీ బతికాయని చెప్పను, సగానికి సగం అప్పటికే వాడిపోయి ఉండేవి.

తర్వాత రొయ్యలను చంపే తెల్లమచ్చ వైరస్ చెరువులను ముంచింది, హేచరీల్లో గుడ్ల నుంచి పొదిగించిన సీడు వచ్చింది, 2009 తర్వాత వనామీ అనే వేరే రకం రొయ్య వచ్చింది. ఏటి సీడు కొనేవాడే లేకుండా పోయాడు. పట్టడం ఆగింది నిషేధంతో కాదు, బేరం పోవడంతో. ఆ ఆడవాళ్లకు మాత్రం ఎవరూ వేరే పని చూపలేదు. మీరు చూస్తున్నది వాళ్ల కూతుళ్లనే కావచ్చు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట ఆపినప్పుడు పడవల వాళ్లకు ప్రభుత్వం భృతి ఇస్తుంది. ఏటిలో నిలబడి చేతి వల లాగే మనిషికి అదీ లేదు. నిషేధం పెడితే ఆమె రాత్రిపూట పడుతుంది, కొనేవాడు ధర తగ్గిస్తాడు, అంతే.

అందుకే ముందు కొనేవాడితో మాట్లాడండి. అడ్వాన్సు ఇచ్చి పట్టిస్తున్నది అతనే. చిన్న పీతలను, గుడ్లున్న పీతలను కొననని అతను ఒప్పుకుంటే సగం పని అయినట్టే. పీత పిల్లలు హేచరీలో కూడా తయారవుతాయి, తమిళనాడులో శీర్కాళి దగ్గర ఒకటుంది. మీ చెరువుల రైతులను అటు అడగమనండి.

పంచాయతీకి వెళ్లే ముందు ఒక పౌర్ణమి తెల్లవారుజామున ఏటికి వెళ్లి, పళ్లెంలో మిగిలింది ఎక్కడ పోస్తున్నారో చూడండి. గట్టు మీదైతే, పందిరి జరపడానికి ఇద్దరు మనుషులు చాలు.