అమ్మోనైట్‌కి విశాఖ గాలి పడదు

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండ్‌లోని చార్మత్ బీచ్ నుంచి బంగారు రంగు అమ్మోనైట్ (చుట్టలు తిరిగిన గుల్ల ఉండే, అంతరించిన సముద్రజీవి శిలాజం) తెచ్చాడు, రూపాయి బిళ్లంత ఉంటుంది. కడిగి, వార్నిష్ పూసి షోకేసులో పెట్టాను. ఈ వానాకాలం దానిమీద తెల్లటి పొడి, పగుళ్లు కనిపించాయి. కింద వేసిన అట్ట కూడా మాడినట్టయింది. ఫంగసా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: ఫంగస్ కాదండీ. ఆ బంగారు రంగు పైరైట్‌ది, అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. డైనోసార్ల కాలంనాటి జురాసిక్ సముద్రం అడుగున, ఆక్సిజన్ లేని బురదలో గుల్ల పూడిపోయాక దాని గదుల్లో పేరుకుంది. గాలిలో తేమ 60 శాతం దాటితే పైరైట్ ఐరన్ సల్ఫేట్‌గా మారుతుంది, వెంట సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. సల్ఫేట్‌కి ఎక్కువ చోటు కావాలి కాబట్టి రాయి పగులుతుంది. అట్టను మాడ్చింది ఆ ఆమ్లమే. వార్నిష్ తేమను పూర్తిగా ఆపలేదు, పైగా కడిగిన తడి లోపలే ఉండిపోయి ఉంటుంది.

ఇక నీళ్లు తగలనివ్వకండి. గ్లౌజులు వేసుకుని మెత్తటి పొడి బ్రష్‌తో ఆ పొడి దులపండి. కిటికీలు తెరిచి, స్టవ్వుకు దూరంగా కూర్చుని, అసిటోన్‌లో తడిపిన దూదితో వార్నిష్ వచ్చినంత మేర తీయండి. తర్వాత రబ్బరు రింగున్న బిగుతు మూత డబ్బాలో పెట్టండి. 5 లీటర్ల డబ్బాకి తేమ పీల్చే సిలికా జెల్ గింజలు 100 గ్రాములు వేయాలి. నారింజ రంగు గింజలు ఆకుపచ్చకు తిరిగితే ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. తేమ కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ కూడా డబ్బాలోనే ఉంచండి. అందులో తేమ 45 శాతం దాటకూడదు. బియ్యంలో పెట్టమని ఎవరైనా చెబితే వినకండి, విశాఖలో బియ్యానికే తేమ పడుతుంది. ఏసీ గదినీ నమ్ముకోవద్దు, ఆపిన కాసేపటికే తేమ తిరిగొస్తుంది.

వారం ఆరాక, 100 మిల్లీలీటర్ల అసిటోన్‌లో 5 గ్రాముల పారలాయిడ్ బి-72 (ఒక రకం యాక్రిలిక్ రెసిన్) కరిగించి పగుళ్లలోకి బ్రష్‌తో దించండి. ముక్కలు రాలకుండా పట్టి ఉంచడానికే అది. పొడైపోయిన భాగం మాత్రం తిరిగి రాదు.

ప్రశ్న: కైలాసగిరి రాళ్లలోనో, భీమిలి ఎర్రమట్టి దిబ్బల్లోనో అమ్మోనైట్లు దొరుకుతాయా?
– ఒక డిగ్రీ విద్యార్థి, మధురవాడ

జవాబు: దొరకవు. మన కొండల్లోని ఖొండలైట్, భూమి లోతున తీవ్రమైన వేడికి, ఒత్తిడికి మారిన రాయి. అది తయారైన నాటికి అమ్మోనైట్లు పుట్టనే లేదు. ఎర్రమట్టి దిబ్బలదేమో తిరగబడిన కథ, అమ్మోనైట్లు అంతరించి 6.6 కోట్ల ఏళ్లయితే ఆ ఇసుక నిన్నగాక మొన్నటిది. అక్కడ తవ్వకండి కూడా, అది రక్షిత ప్రదేశం. మన రాష్ట్రంలో గోదావరి వైపు రాఘవాపురం షేల్‌లో (బురద గట్టిపడి ఏర్పడిన పొరల రాయిలో) అమ్మోనైట్లున్నాయి గానీ అవి జురాసిక్ తర్వాత వచ్చిన క్రెటేషియస్ కాలానివి. జురాసిక్‌వే కావాలంటే కచ్, జైసల్మేర్ చూడాలి.

ప్రశ్న: సాలగ్రామంలోని చక్రం అమ్మోనైటేనా? చెక్కింది కాదని ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: గండకీ నది సాలగ్రామాల్లో చాలావాటిలో ఉన్నది జురాసిక్ అమ్మోనైటే. పది రెట్ల లెన్సుతో, గుల్ల పొర ఊడినచోట చూడండి. గదుల గోడలు గుల్లను తాకినచోట కొత్తిమీర ఆకు అంచులా మెలికల గీత కనిపిస్తే అమ్మోనైటే. అయితే ప్రతి రాయిలోనూ ఆ గీత బయటపడదు. ఉలితో చెక్కినదానిలో గాడి అంతటా ఒకే లోతులో ఉంటుంది, గట్లు లోపలి చుట్టుకు పోనుపోను సన్నబడవు. పూజలో ఉన్న రాయిమీద వెనిగర్, ఆమ్లం పరీక్షలు మాత్రం వద్దు.