ఓటీపీ వచ్చేలోపు

మీరు అడిగింది ఇదీ: "ఆఫీసు, ఇల్లు, పిల్లలు అన్నీ ఒకేసారి మీద పడి ఊపిరాడటం లేదు. అందరూ మైండ్‌ఫుల్‌నెస్ అంటున్నారు. ఎవరికైనా నిజంగా పనిచేసిందా? రోజూ అరగంట కూర్చునే తీరిక లేనివాళ్లు ఏం చేయాలి? ఎన్నాళ్లు పడుతుంది?"

నాకు పనిచేసిందండి. మైండ్‌ఫుల్‌నెస్ అంటే ఈ క్షణంలో జరుగుతున్నదాన్ని గమనిస్తూ ఉండటం, అంతే. అయితే కూర్చుని చేసింది తక్కువే. ఎలాగో చెప్పాలంటే ముందు నా ఉద్యోగం గురించి చెప్పాలి.

విజయవాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేస్తాను. 2017లో జీఎస్టీ వచ్చినప్పటి నుంచీ నాది అదే పని. నెలనెలా రిటర్న్ (పన్ను లెక్క చూపే పత్రం) వేసేవాళ్లకు 11న అమ్మకాలదానికి గడువు, 20న పన్ను కట్టే 3బీ అనే రిటర్న్‌కు. వీటికి తోడు 7న టీడీఎస్, అంటే చెల్లింపుల్లోంచి ముందే కోసిన పన్ను కట్టడం, ఉండనే ఉంది. నా చేతిలో నలభై మంది దాకా వ్యాపారులున్నారు. వాళ్లలో సగం మందికి 19వ తేదీ రాత్రి దాకా బిల్లులు గుర్తురావు. అప్పుడు వాట్సాప్‌లో ఫొటోలు పంపుతారు, అవీ అడ్డంగా. ఒక్కరోజు ఆలస్యమైనా లేటు ఫీజు పడుతుంది, మాట నాకు పడుతుంది.

రెండేళ్ల కిందట ఒక 20వ తేదీ సాయంత్రం, ఒక షాపు కొనుగోళ్ల క్రెడిట్ (కొన్నప్పుడే కట్టిన పన్నుకు వచ్చే తగ్గింపు) అంకెను ఇంకో షాపు రిటర్న్‌లో వేసి ఫైల్ చేసేశాను. 3బీ ఒకసారి వేస్తే వెనక్కి తీసుకుని దిద్దే వీలు లేదు. తగ్గింపు తక్కువ పడి ఆ రెండో షాపాయన కట్టక్కర్లేని డబ్బు కట్టాడు. తర్వాతి నెలలో సర్దాననుకోండి, కానీ ఆ నెల రోజులూ ఆయన ఫోన్ వస్తే నాకు కడుపులో తిప్పేది.

ఇంటికెళ్లి ఆలోచిస్తే ఒక సంగతి అర్థమైంది. ఆ అంకె కొడుతున్నప్పుడు నేను అక్కడ లేను. అమ్మ బీపీ మాత్రలు అయిపోయాయి, బాబుకు రేపు పరీక్ష, గ్యాస్ బుక్ చేయలేదు, ఇంకా పదిహేడు రిటర్న్‌లున్నాయి... చేయి దాని పని అది చేసుకుపోతోంది. పని ఎక్కువ ఉన్న మాట నిజమే. కానీ ఎదురుగా ఉన్నది ఒక్క రిటర్న్. బుర్రలో మోస్తున్నవి పదిహేడూ, వాటి పైన ఇల్లూ.

అందరిలాగే ఫోన్‌లో ఒక యాప్ వేసుకున్నాను. తెల్లవారుజామున అయిదింటికి లేచి పది నిమిషాలు కళ్లు మూసుకోవాలని ప్లాను. మొదటి మూడు రోజులు నిద్రపోయాను. నాలుగో రోజు మెలకువగా ఉన్నాను గానీ పక్కింటి కుక్కర్ విజిల్‌కు కోపమొచ్చింది. ప్రశాంతత కోసం కూర్చుని, ప్రశాంతత రాలేదని ఇంకో టెన్షన్ తెచ్చుకున్నాను. వారానికే మానేశాను.

తర్వాత మా పెద్ద వదిన ఇంటికొచ్చింది. ఏలూరు దగ్గర విజయరాయిలో విపశ్యన అనే ధ్యానం నేర్పే కేంద్రం ఉంది, అక్కడ పది రోజుల శిబిరం చేసొచ్చింది. మొదటి మూడు రోజులూ శ్వాసను గమనించడమేనట. మాటల్లేవు, ఫోన్ ముందే ఇచ్చేయాలి, తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు. నాకు పది రోజులు సెలవు దొరికే ప్రశ్నే లేదు, అదే అన్నాను. నా యాప్ గోడు విని నవ్వింది. "ఊపిరి నువ్వు పీల్చకమ్మాయ్. అదే వస్తుంది, అదే పోతుంది. వస్తోందని నీకు తెలిస్తే చాలు" అంది. "మనసు పారిపోతోంది వదినా" అన్నాను. "పారిపోయిందని తెలిసింది కదా, ఆ తెలియడమే పని. మళ్లీ తీసుకురా" అంది.

ఆ మాటతో నాకు సగం బరువు దిగింది. ఆలోచనలు ఆపడం అనుకుని ఇన్నాళ్లూ దానితో కుస్తీ పట్టాను. ఈ మైండ్‌ఫుల్‌నెస్‌ను 1979లో అమెరికాలో జాన్ కబట్-జిన్ అనే ఆయన మసాచుసెట్స్ యూనివర్సిటీ వైద్య కళాశాలలో ఒక శిక్షణగా మొదలుపెట్టాడు, దానికి వేరు బౌద్ధుల ధ్యానంలో ఉంది. మనకు దీనికి 'ఎరుక' అనే చక్కని మాట ఉంది. ఎందుకో దాన్ని వేదాంతానికి వదిలేసి, ఇంగ్లీషు మాట వినగానే యాప్ కొంటాం.

ఇక అసలు విషయానికొస్తాను. ఒక్కో రిటర్న్ ఫైల్ చేయాలంటే వ్యాపారి ఫోన్‌కు ఓటీపీ వెళ్తుంది. ఆయనకు ఫోన్ చేసి అడగాలి. ఆయన కళ్లజోడు వెతుక్కోవాలి. ఆ అర నిమిషం, నిమిషం నాకు నరకంలా ఉండేది. ఆ కాస్త సమయంలోనే ఇంకో మెసేజ్ చూసేదాన్ని, ఇంకో ఫైలు తెరిచేదాన్ని. తప్పులు మొదలయ్యేది కూడా అక్కడే.

ఇప్పుడు ఓటీపీ వచ్చేలోపు ఏమీ చేయను. చెప్పులు విడిచి పాదాలు నేలకు ఆనిస్తాను. చల్లగా ఉందా లేదా చూస్తాను. ఊపిరి వదిలేటప్పుడు కాస్త నిదానంగా వదులుతాను, అంతే. మూడు సార్లు, నాలుగు సార్లు. ఊపిరి వదులుతున్నప్పుడు గుండె వేగం కొంచెం తగ్గడం శరీరంలో సహజంగా ఉన్న ఏర్పాటే, అందుకే వదలడం పొడుగ్గా ఉంటే ఒళ్లు నెమ్మదిస్తుంది. నలభై ఓటీపీలంటే నలభై సార్లు. అరగంట తీరిక లేదన్నారు కదా, నాకూ లేదు. ఎదురుచూసే నిమిషాలు మాత్రం బోలెడు. మీకు ఓటీపీలు లేకపోతే లిఫ్టు ఉంటుంది, సిగ్నల్ ఉంటుంది, పాలు పొంగే దాకా నిలబడటం ఉంటుంది.

ఇలా చూస్తూ చూస్తూ ఇంకొకటి పట్టుకున్నాను. నాకు కంగారు ముందు బుర్రలో కాదు, కుడి భుజంలో మొదలవుతుంది. తెలియకుండానే చెవి వైపు పైకి లేస్తుంది. అరిచేది ఆ తర్వాత పావుగంటకు. భుజం దగ్గరే పట్టుకుంటే అరవాల్సిన పని చాలాసార్లు ఉండదు. కొందరికి దవడ బిగుస్తుంది, కొందరికి కడుపు. మీది ఎక్కడో మీరే కనిపెట్టాలి. భుజాన్ని బలవంతంగా దించను కూడా. "ఓహో, లేచిందే" అనుకుంటాను. చాలావరకు దానంతట అదే దిగుతుంది. దిగని రోజులూ ఉన్నాయి.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను. ఊపిరి గమనిస్తే పని తగ్గదు. ముగ్గురి పని ఒకరి మీద వేసి, ఒత్తిడి తగ్గించుకోమని ధ్యానం క్లాసు పెట్టించే ఆఫీసులంటే నాకు ఒళ్లు మంట. నేను మా సార్ దగ్గరికెళ్లి, 17 సాయంత్రం తర్వాత బిల్లులు పంపేవాళ్ల లేటు ఫీజుకు మాది బాధ్యత కాదని అందరికీ ముందే మెసేజ్ పెట్టాలని అడిగాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు, రెండు నెలలు పట్టింది. ఆ అడగడం వెనక కూడా ఇదే ఉందేమో. కంగారులో ఉన్నప్పుడు అన్నీ నా చేతకానితనంలాగే కనిపించేవి. నెమ్మదించాక ఏది నా పని, ఏది నా నెత్తిన పడ్డ పరాయి పని అన్నది తెలిసింది.

కళ్లు మూసుకుంటే గుండె దడ ఇంకా పెరిగేవాళ్లుంటారు. వాళ్లు కళ్లు తెరిచే ఉంచి, ఎదురుగా కనిపించే వస్తువుల మీద దృష్టి పెట్టడం మేలు. రెండు వారాలకు పైగా నిద్ర లేకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా ఇలాంటి జవాబులు చదువుతూ కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416 ఉంది, డబ్బులేం తీసుకోరు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఎన్నాళ్లు పడుతుందన్నారు. నాకు నాలుగు ఇరవయ్యో తేదీలు పట్టింది. ఇప్పటికీ 19 రాత్రి ఇంట్లో చిటపటలాడతాను. కాకపోతే మా బాబు కనిపెట్టేశాడు. మొన్న లెక్కల పుస్తకం లోంచి తలెత్తకుండానే, "అమ్మా, నీ భుజం లేచింది" అన్నాడు.