హోమ్ ఆటోమేషన్ సొంతంగా చేసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: సొంతిల్లు ఉంది, వైఫై ఉన్న చిన్న కంప్యూటర్ లాంటి ఈఎస్‌పీ32 బోర్డుతో ఎల్ఈడీలు వెలిగించడం వచ్చింది, ఇక ఇల్లంతా ఆటోమేట్ చేయాలని ఉంది. సొంతంగా చేసుకోవాలా, రెడీమేడ్ స్మార్ట్ స్విచ్‌లు కొనాలా, ఏఐ వచ్చేస్తోంది కాబట్టి ఇంకొన్నాళ్లు ఆగాలా?

ఆగొద్దు. కానీ లైట్లు, ఫ్యాన్లు పక్కన పెట్టి నీళ్ల మోటారుతో మొదలుపెట్టండి. లైటు స్విచ్ నొక్కడం ఎవరికీ కష్టం కాదు. మోటారు వేసి మర్చిపోవడం, ట్యాంకు పొంగి నీళ్లు వీధిలోకి పారడం, బోరులో నీళ్లు లేకున్నా మోటారు ఉత్తినే తిరిగి కాలిపోవడం... మన ఇళ్లలో అసలు ఇబ్బందులు ఇవి. ఖమ్మంలో అమ్మానాన్నలు ఉండే ఇంటికి నేను చేసిన మొదటి పని ఇదే. ఇప్పటికీ రోజూ పనికొస్తున్నది కూడా ఇదే.

నీటి మట్టం తెలుసుకోవడానికి వీడియోల్లో అందరూ చూపించేది హెచ్‌సీ-ఎస్ఆర్04 అనే అల్ట్రాసోనిక్ సెన్సర్, అంటే శబ్ద తరంగాలు పంపి దూరం కొలిచేది. ట్యాంకు మూత కింద ఎప్పుడూ చెమ్మ ఉంటుంది, ఆ సెన్సర్‌కి తడి పడదు. జేఎస్ఎన్-ఎస్ఆర్04టీ అనే వాటర్‌ప్రూఫ్ రకం తడిని తట్టుకుంటుంది కానీ, సుమారు 20-25 సెంటీమీటర్ల కంటే దగ్గరున్నదాన్ని కొలవలేదు. మన ట్యాంకులేమో అంచుదాకా నిండుతాయి. అంటే మోటారు ఆపాల్సిన సమయానికే రీడింగ్ తప్పుతుంది. నీళ్లలోకి తీగలు దించి డీసీ కరెంటు పంపితే కొన్నాళ్లకే ఆ తీగలు తుప్పు పట్టి అరిగిపోతాయి. బోరు నీళ్లయితే పైన సున్నం కూడా కడుతుంది. నేను వాడేది మామూలు ఫ్లోట్ స్విచ్‌లే, అంటే నీళ్లతో పాటు తేలుతూ ఆన్, ఆఫ్ అయ్యేవి, పైన ఒకటి, కింద ఒకటి. ఎన్ని లీటర్లున్నాయో అవి చెప్పవు. మోటారుకు ఆ లెక్క అక్కర్లేదు, నిండిందా అయిపోయిందా అన్నది తెలిస్తే చాలు. ఒక్క జాగ్రత్త: పై ఫ్లోట్ వైరు ఎలుక కొరికినా, ఎండకు తెగినా ట్యాంకు నిండినట్టే లెక్కలోకి వచ్చేలా కనెక్షన్ ఇవ్వండి. అప్పుడు వైరు తెగితే మోటారు ఆగే ఉంటుంది.

ఇక మోటారు వైపు. బోర్డు చెప్పగానే కరెంటును కలిపే, తెంచే స్విచ్చే రిలే. ఆన్‌లైన్‌లో దొరికే చిన్న నీలం రిలే మీద 10 ఆంపియర్లు అని రాసి ఉంటుంది. 1 హెచ్‌పీ మోటారు తిరిగేటప్పుడు తీసుకునేది అంతకన్నా తక్కువే కాబట్టి సరిపోతుందనిపిస్తుంది. కానీ స్టార్ట్ అయ్యే క్షణంలో మోటారు దానికి కొన్ని రెట్లు లాగుతుంది. ఆ దెబ్బకు రిలే లోపలి కాంటాక్టులు అతుక్కుపోతాయి. ఫోన్లో ఆఫ్ అని చూపిస్తుంది, మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అందుకే రిలేతో కాంటాక్టర్‌ని (మోటార్ల లాంటి పెద్ద లోడ్లకు వాడే పెద్ద రిలే) నడపండి, మోటారుని కాంటాక్టర్ నడుపుతుంది. కాంటాక్టర్ కాయిల్‌కి అడ్డంగా స్నబ్బర్ (వోల్టేజీ ఎగసిపడకుండా చూసే చిన్న భాగం) వేయించండి, లేకపోతే అది ఆగినప్పుడల్లా వచ్చే స్పైక్‌కి ఈఎస్‌పీ రీసెట్ అవుతుంటుంది.

బోరు మోటారు అయితే ఇంకో సంగతి ఉంది. గోడకుండే ప్యానెల్ బాక్సులో చాలావాటికి పచ్చ బటన్ నొక్కిపట్టినంతసేపే స్టార్టింగ్ కండెన్సర్ లైన్లో ఉంటుంది. ఉత్త కరెంటు ఇచ్చేస్తే మోటారు మూలుగుతుంది తప్ప తిరగదు. ఆ పనిని కూడా ఇంకో రిలే చేయాలి, రెండు సెకన్లలో వదిలేయాలి కూడా. 230 వోల్టుల వైపు పని ఎలక్ట్రీషియన్ పక్కన ఉండగానే చేయండి. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేని ఇంట్లో ఈ ప్రాజెక్టు మొదలుపెట్టొద్దు. ఈ మాట మీద నేను బేరాలాడను.

పీజెడ్ఈఎం-004టీ అనే చిన్న మీటర్ బోర్డు కలిపితే వోల్టేజీ, కరెంటు రెండూ తెలుస్తాయి. బోరులో నీళ్లు తగ్గితే మోటారు మీద లోడు తగ్గి కరెంటు పడిపోతుంది, ఆ గుర్తుతో ఆపేయొచ్చు. లో వోల్టేజీ ఉన్నప్పుడు అసలు స్టార్ట్ చేయకుండా చూడొచ్చు. ఈ నిర్ణయాలన్నీ బోర్డులోనే జరగాలి. వైఫై పోయినా, రౌటర్ ఆగినా ట్యాంకు నిండితే మోటారు ఆగాలి. ప్యానెల్ మీద ఆటో, మాన్యువల్ అని ఒక స్విచ్ ఉండాలి, మీరు ఊళ్లో లేనప్పుడు ఇంట్లోవాళ్లు పాత పద్ధతిలో మోటారు వేసుకోగలగాలి. మా అమ్మకు ఫోన్లో యాప్ కంటే వంటింటి గోడ మీద పెట్టిన రెండు చిన్న లైట్లే నచ్చాయి. పచ్చది వెలిగితే ట్యాంకు నిండినట్టు, ఎర్రది వెలిగితే బోరు దగ్గర ఏదో తేడా ఉన్నట్టు.

రెడీమేడ్ వస్తువులు వద్దనను. కొనేముందు ఒక్కటి అడగండి: కంపెనీ సర్వర్ ఆగిపోతే ఇది పనిచేస్తుందా? అమెరికాలో రివాల్వ్ అనే హబ్, అంటే ఇంట్లోని స్మార్ట్ వస్తువులన్నిటినీ కలిపే డబ్బా, 300 డాలర్లకు అమ్మారు. ఆ కంపెనీని నెస్ట్ కొనేసింది, 2016 మే నెలలో సర్వర్ ఆపేశారు, హబ్‌లు ఉత్త డబ్బాలయ్యాయి. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే మరో స్మార్ట్ హోమ్ కంపెనీ సర్వర్లు ముందు చెప్పకుండానే ఆగాయి. వేర్వేరు కంపెనీల స్మార్ట్ వస్తువులు కలిసి పనిచేసేందుకు అదే ఏడాది చివర్లో వచ్చిన మ్యాటర్ ప్రమాణం నాకు నచ్చడానికి కారణం ఇదే, అందులో వస్తువులు ఇంటి నెట్‌వర్క్‌లోనే మాట్లాడుకుంటాయి. సొంతంగా చేసేవాళ్లకు ఈఎస్‌పీహోమ్ (బోర్డులో వేసే ప్రోగ్రామ్ తయారుచేసేది), హోమ్ అసిస్టెంట్ (ఇంట్లోని వస్తువులన్నిటినీ ఒక్కచోట నడిపేది) అనే సాఫ్ట్‌వేర్ల జోడీ చాలు, రెండూ ఇంట్లోనే నడుస్తాయి.

కరెంటు ఆదా అవుతుందని మాత్రం ఆశపడకండి. ఒక్కో స్మార్ట్ స్విచ్ ఊరికే ఉండి ఒక వాట్ తీసుకుంటుందనుకుంటే, ఇరవై స్విచ్‌లకు నెలకు 14 యూనిట్లు. 75 వాట్ల పాత ఫ్యాను తీసి తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెడితే, రోజుకు పన్నెండు గంటల వాడకానికి ఒక్క ఫ్యానుతోనే నెలకు 16 యూనిట్లు మిగులుతాయి.

ఏఐ సంగతి. కోడ్ రాయించుకోవడానికి నేనూ వాడతాను, బాగా రాస్తుంది. కానీ ఈఎస్‌పీ32కి అన్నలాంటి పాత బోర్డు ఈఎస్‌పీ8266లో జీపీఐఓ (బయటి వస్తువులను తగిలించే) 0, 2, 15 పిన్నులు బూట్ అయ్యేటప్పుడు ఏ స్థితిలో ఉన్నాయన్నది ముఖ్యం. వాటికి రిలే తగిలిస్తే కరెంటు వచ్చిన ప్రతిసారీ ఒక్క క్షణం రిలే కొట్టుకోవచ్చు. పిన్ను ఏదో చెప్పకుండా కోడ్ అడిగితే వీటినే ఇచ్చేయొచ్చు, మీరే చూసుకోవాలి. ఇల్లు మన అలవాట్లు నేర్చుకుని తనే నిర్ణయాలు తీసుకుంటుందనే ప్రచారం మీద నాకు నమ్మకం లేదు. మన పల్లెల్లో కరెంటు రాగానే మోటారును తనే వేసే ఆటో స్టార్టర్ల కథ చూడండి. వ్యవసాయ కరెంటు అర్ధరాత్రి అపరాత్రి వచ్చే రోజుల్లో, చీకట్లో పాముల మధ్య బావి దగ్గరకు పోకుండా రైతును కాపాడింది ఆ డబ్బానే. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటల కరెంటు వచ్చాక అవే స్టార్టర్లతో అవసరం లేకున్నా మోటార్లు తిరిగి భూగర్భ జలాలు తగ్గుతాయని, వాటిని తీసేయమని ప్రభుత్వమే రైతులను కోరింది. డబ్బా మారలేదు, చుట్టూ పరిస్థితి మారింది. అది గమనించి మోటారు ఆపాల్సింది మనిషే. ఇంట్లో పెట్టే ప్రతి ఆటోమేషన్‌కీ నేను ఆ కళ్లతోనే చూస్తాను.

మీరు హైదరాబాద్‌లో ఉంటే విడిభాగాలకు కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్లండి. ఒకసారి చేతిలో పట్టుకుని చూస్తే నాసిరకం రిలే బోర్డు ఏదో తెలుస్తుంది. కాంటాక్టర్ మాత్రం మోటారు వైండింగ్ షాపువాళ్లను అడిగి, మీ మోటారుకు సరిపోయేదే తీసుకోండి. గదుల్లో స్విచ్‌ల దగ్గరకు వచ్చేసరికి ముందు బోర్డు విప్పించి న్యూట్రల్ వైరు ఉందో లేదో చూడండి, చాలా స్మార్ట్ స్విచ్‌లకు అది కావాలి. సాకెట్ ఉన్న బోర్డులో ఉంటుంది, ఉత్త స్విచ్‌లే ఉన్న బోర్డుల్లో చాలాచోట్ల ఉండదు.

మీది సంపు మోటారా, బోరు మోటారా, సింగిల్ ఫేజా, త్రీ ఫేజా? ప్యానెల్ బాక్సు లోపలి ఫొటో పెడితే ఏ వైరు ఎక్కడికో చూసి చెప్తాను. మెయిన్ ఆపాకే మూత తీయండి.